గంట మ్రోగని దినములలో దైవసహవాసము

మన పాఠశాలలో దినము గంటతో ప్రారంభమై గంటతో ముగియును. వేకువను వసతిగృహపు గంట మ్రోగగానే పిల్లలు లేచి, పక్కలు చుట్టి, ముఖములు కడుగుకొని ప్రార్థనకు కూడుదురు. పాఠశాల తెరువగానే మరల గంట, మరల ప్రార్థన. భోజనమునకు ముందు స్తోత్రము, సాయంకాలమున కీర్తన, రాత్రి దీపములు ఆర్పుటకు ముందు వేదపఠనము. ఈ విధముగ ఆరవ తరగతిలో చేరిన పిల్లవాడు పదవ తరగతి ముగించునప్పటికి కొన్నివేల పర్యాయములు ప్రార్థనలో తల వంచియుండును. ఇట్టి భాగ్యము లోకమున ఎందరు పిల్లలకు కలదు? ఈ క్రమమును ఏర్పరచిన పెద్దలకు మనమందరమును ఋణపడియున్నాము.

ఐనను, చిరకాలముగ మా మనస్సును కలతపెట్టుచున్న ప్రశ్న యొకటి కలదు. గంట మ్రోగని దినమున మన పిల్లలు దేవునితో మాటలాడుదురా? వేసవి సెలవులు గడచి, జూన్ మాసమున పిల్లలు మరల వచ్చినప్పుడు, ఇంటివద్ద ప్రార్థన చేసికొంటిరా, వేదము చదివితిరా అని ఉపాధ్యాయులము అడుగుట కలదు. కొందరు సంతోషముతో అవునందురు. ఎక్కువమంది నేల చూపులు చూతురు. ఇంటివద్ద గంట లేదు గదండీ అను సమాధానమును సహితము మేము వినియున్నాము. ఆ పిల్లవానిని మేము తప్పు పట్టము. అతడు సత్యము చెప్పెను. అయితే ఆ సత్యము మనలను ఆలోచింపజేయవలసినది. పాఠశాలలోని గంట నెలకు ఇరువది దినములో ముప్పది దినములో మ్రోగును. జీవితములోని అధికభాగము గంట లేని దినములే.

ఈ విషయమున మనవారిలో రెండు అభిప్రాయములు కలవు. క్రమముగ ప్రార్థనకు వచ్చి కూర్చుండిన చాలును, వయస్సు వచ్చినప్పుడు భక్తి తానే కలుగునని కొందరందురు. నియమము వలన వేషధారులే తయారగుదురు, హృదయము కదలినప్పుడే ప్రార్థింపవలెను, తక్కిన వేళల ఊరకుండుటయే మేలని మరికొందరందురు. ఈ రెండును సగము సత్యములని మా అభిప్రాయము. ఆనపపాదునకు పందిరి వేయనిచో తీగ నేలపై ప్రాకి, కాయలు మట్టిలో కుళ్లును. కావున పందిరి వలదనువాడు తోటపని యెరుగనివాడు. అయితే పందిరి యెంత చక్కగ కట్టినను, గింజ నాటి నీరు పోయనిచో అక్కడ ఎండుకట్టెలే నిలిచియుండును. కావున పందిరియే చాలుననువాడును తోటపని యెరుగడు. నియమము పందిరి. దేవునియందలి ప్రేమ తీగ. పాఠశాల పందిరిని వేయగలదు. గింజను ఎవరి హృదయములో వారే నాటుకొనవలెను, దినదినమును వారే నీరు పోయవలెను.

ప్రేమ అనగానేమి? అది మాటలలో చెప్పుటకు కష్టమైనను, మన యిండ్లలో దానిని దినమును చూచుచున్నాము. వసతిగృహములోనున్న కుమారుడొకడు ఇంటికి ఫోను చేసినప్పుడెల్ల, రుసుమునకు సొమ్ము కావలెను, చొక్కాకు సొమ్ము కావలెను, అని చెప్పి ముగించునని అనుకొనుడు. తండ్రి సొమ్ము పంపకపోడు. కొడుకును ప్రేమించుట మానడు. అయినను ఆ రాత్రి ఆయన భార్యతో, అబ్బాయి నీవెట్లున్నావని అడుగలేదే, అని అనకుండునా? మరియొక కుమారుడు సొమ్మడుగుటకే ఫోను చేసినను, ఆవు ఈనినదా, అమ్మమ్మ మోకాలినొప్పి తగ్గినదా, వాన కురిసినదా అని విచారించి, తన పాఠములను గూర్చియు తన స్నేహితులను గూర్చియు చెప్పి, మాటలు ముగించుటకు ఇష్టములేక ముగించును. ఇద్దరును కుమారులే. ఇద్దరకును తండ్రి యొకడే. అయితే తండ్రితో సహవాసము కలవాడు రెండవవాడు.

పరీక్షల ముందు వారమున మన ప్రార్థనాలయము నిండుటయు, పరీక్షల తరువాతి వారమున పలుచబడుటయు మనమెరిగినదే. అడుగుట తప్పని మేము చెప్పుట లేదు. మన అనుదినాహారము నిమిత్తము అడుగుమని ప్రభువే తన శిష్యులకు నేర్పెను. అడుగుట మాత్రమే మన ప్రార్థనయైనచో, అది సహవాసము కాదు, అంగడికి పోవుటవంటిది. కావలసిన వస్తువు దొరికిన వెంటనే అంగడివానిని మరచిపోదుము.

ఈ సహవాసము దినదినమును కలుగవలసినదని వేదము మనకు ఒక గొప్ప దృష్టాంతముచే బోధించుచున్నది. ఇశ్రాయేలీయులు అరణ్యములో మన్నాను ఏలాగు కూర్చుకొనిరో నిర్గమకాండము పదునారవ అధ్యాయమున చదువుదుము. ఏ దినమునకు కావలసినది ఆ దినమే కూర్చుకొనవలెను. విశ్రాంతిదినము నిమిత్తము ఆరవ దినమున రెండంతలు కూర్చుకొనుటకు మాత్రము సెలవుండెను. తక్కిన దినములలో మరునాటికని దాచుకొన్నది పురుగుపట్టి కంపుకొట్టెను. ఎండ వేడి యెక్కినప్పుడు నేలమీది మన్నా కరగెను. కావున వేకువనే లేచి వెళ్లవలసివచ్చెను. దేవుడు ఒక్కసారియే సంవత్సరమునకు సరిపడ కొట్లు నింపలేకపోయెనా? నింపగలవాడే. అయితే కొట్లు నిండినవాడు ఇచ్చినవానిని మరచును. దినదినము చేయి చాపవలసినవాడు దినదినము ముఖము చూచును. ఆ ముఖము చూచుటయే అందులోని మేలు అని మేము తలంచుచున్నాము. గడచిన సంవత్సరపు ఉజ్జీవసభలలో పొందిన ఆనందమును ఈ సంవత్సరమంతయు తినవలెనని చూచువారు మన్నాను దాచుకొనినవారివంటివారు.

మన రక్షకుని నడవడియు ఇట్లే యుండెను. మార్కు సువార్త మొదటి అధ్యాయమున కపెర్నహూములోని ఒక విశ్రాంతిదినము వర్ణింపబడినది. ఆ దినమున ఆయన సమాజమందిరమున బోధించెను, అపవిత్రాత్మ పట్టినవానిని స్వస్థపరచెను, పేతురు అత్తయొక్క జ్వరమును పోగొట్టెను. ప్రొద్దు గ్రుంకిన తరువాత పట్టణమంతయు వాకిట కూడగా అనేకులను బాగుచేసెను. అట్టి దినము గడచిన మరునాడు ఏ మనుష్యుడైనను ప్రొద్దెక్కువరకు నిద్రించును. నిద్రించినను ఎవరును తప్పు పట్టరు. ఆయనయో యింకను చీకటియుండగనే లేచి, అరణ్యప్రదేశమునకు పోయి ప్రార్థన చేసెను. శిష్యులు వెదకుకొనుచు పోవలసివచ్చెను. ఆయనను లేపుటకు ఏ గంటయు మ్రోగలేదు. తండ్రితో మాటలాడవలెనను ఆశయే ఆయనకు గంట.

మన తెలుగుదేశపు సంఘచరిత్రయందును ఈ సత్యము కనబడుచున్నది. 1854 సంవత్సరము జనవరి 1వ తేదీ వేకువను లైమన్ జ్యూయెట్ దొరగారును, ఆయన భార్యయు, ముగ్గురు తెలుగు క్రైస్తవులును ఒంగోలు ప్రక్కనున్న కొండ యెక్కి, ఆ పట్టణమునకు ఒక సువార్తికుని పంపుమని ప్రార్థించిరి. ఆ కొండను నేటికిని ప్రార్థన కొండ యని పిలుచుచున్నారు. జాన్ క్లౌ దొరగారు ఒంగోలులో కాపురముండుటకు వచ్చినది 1866వ సంవత్సరమున. 1878 జూలై 3వ తేదీన ఒక్క దినముననే 2,222 మంది గుండ్లకమ్మ నదిలో బాప్తిస్మము పొందిరి. ఈ కథను మనము పండుగలయందు చెప్పుకొందుము. కొండమీది ఉదయమును చెప్పుదుము, నదియొద్ది దినమును చెప్పుదుము. ఆ రెంటికిని నడుమనున్న దినములను చెప్పము. కొండ యెక్కిన నాటినుండి క్లౌ దొరగారు వచ్చువరకు నాలుగువేల అయిదువందలకు పైగా దినములు గడచెను. ఆ దినములలో కొండ లేదు, పండుగ లేదు, ప్రత్యుత్తరము కానరాలేదు. వండుకొనుట, నడచుట, బోధించుట, జబ్బుపడుట, ఎదురుచూచుట మాత్రమే యుండెను. కొండమీద ఎవరైనను ప్రార్థింపగలరు. కొండ దిగిన తరువాతి సామాన్య దినములలో దేవునిని విడువకుండుటయే ప్రేమకు పరీక్ష.

ప్రియ విద్యార్థులారా, ఇట్టి సహవాసమును పెంచుకొనుటెట్లని మీరడుగుదురేని, మాకు తోచిన మాటలు కొన్ని చెప్పెదము. ఇవి చిన్న మాటలే. పెద్ద తీర్మానములు చేసికొని మూడు దినములలో విడుచుటకంటె చిన్నవానిని మూడు సంవత్సరములు నిలుపుకొనుట మేలు.

మొదటిది, నిద్ర లేచిన వెంటనే మీ మొదటి మాట దేవునికి చెందవలెను. ఇప్పటి దినములలో ఇంటివద్దనున్న పిల్లల చేయి కన్ను తెరువకమునుపే సెల్‌ఫోనును వెదకుచున్నది. రాత్రియంతయు లోకమున ఎవరేమనిరో తెలిసికొనుటకంటె ముందు, మిమ్మును రాత్రియంతయు కాపాడినవానికి వందనము చెప్పుట న్యాయము గదా? అర నిమిషము చాలును. పిమ్మట సువార్తలలో ఒక చిన్న భాగము చదువుడు. అధ్యాయములు లెక్కించుకొనుటకై చదువవలదు. చదివిన దానిలో ఒక్క మాటను ఆ దినమంతయు మనస్సున ఉంచుకొనుటకై చదువుడు.

రెండవది, పనినడుమ దేవునితో మాటలాడ నేర్చుకొనుడు. నెహెమ్యా పారసీక రాజైన అర్తహషస్తకు పానపాత్ర నందించువాడు. యెరూషలేము ప్రాకారములు కూలియున్నవని విని అతడు దుఃఖించుచుండగా, నీ మనవి యేమని రాజు అడిగెను. రాజు ప్రశ్నకును అతని ప్రత్యుత్తరమునకును నడుమ, అతడు పరలోకమందున్న దేవునికి ప్రార్థించెనని రెండవ అధ్యాయమున వ్రాయబడియున్నది. మోకరించుటకు వేళ లేదు, కన్నులు మూయుటకును వేళ లేదు. ఒక్క ఊపిరిలో చేసిన ప్రార్థన అది. అయితే కిస్లేవు మాసము మొదలుకొని నీసాను మాసమువరకు అతడు ఉపవాసముతోను కన్నీటితోను ప్రార్థించుచు, ఏమేమి కావలయునో యోచించుకొనెను. అందుచేతనే ఎన్నాళ్లకు తిరిగివచ్చెదవని రాజు అడుగగా గడువు చెప్పగలిగెను, దారిలోని అధికారులకు తాకీదులును గుమ్మములకు మ్రానులును అడుగగలిగెను. పరీక్షాపత్రము చేతికి వచ్చినప్పుడు మీరును ఒక్క ఊపిరిలో ప్రార్థింపవచ్చును. ఆ ఊపిరికి వెనుక నాలుగు మాసముల ప్రార్థనయు, నాలుగు మాసముల చదువును ఉండవలెను. చదువనివాడు చేయు పరీక్షాప్రార్థన విశ్వాసము కాదు, సోమరితనమునకు తొడిగిన తెల్లని అంగీ.

మూడవది, మీకు ఇష్టములేని పనినే దేవుని సన్నిధిగా చేసికొనుడు. పదునేడవ శతాబ్దమున ఫ్రాన్సు దేశములో సహోదరుడు లారెన్సు అను భక్తుడుండెను. మొదట సిపాయిగా పనిచేసి గాయపడి, పిమ్మట పారిసు నగరములోని ఒక మఠమున చేరెను. చదువరి కానందున ఆయనను వంటశాలలో నియమించిరి. ఆయనకు స్వభావముచేత ఆ పని యిష్టము లేదు. అయినను దేవుని ప్రేమ నిమిత్తము దానిని చేయ నేర్చుకొని, కుండల చప్పుడు నడుమను, పలువురు పలువిధములుగ కేకలు వేయుచుండగను, గుడిలో మోకరించినప్పటివలెనే దేవుని సన్నిధిలో నెమ్మదిగ నుండగలిగెను. 1691వ సంవత్సరమున ఆయన మరణించిన తరువాత ఆయన సంభాషణలును ఉత్తరములును ఒక చిన్న పుస్తకముగ ప్రకటింపబడెను. గొప్ప విద్వాంసుల గ్రంథములు మరుగుపడగా ఈ వంటవాని పుస్తకమును లోకము నేటికిని చదువుచున్నది. వసతిగృహములో అంట్లు తోముట, నూతివద్ద నీళ్లు మోయుట, తరగతిగది ఊడ్చుట మీ వంతు వచ్చినప్పుడు ఈ సహోదరుని తలంచుకొనుడు. ఊడ్చిన నేల శుభ్రముగ నుండుటయు ఒక స్తుతియే.

నాలుగవది, మీ సొంత మాటలతో, మీ తల్లి భాషతో మాటలాడుడు. కంఠస్థము చేసిన ప్రార్థనలు మంచివే. ప్రభువు నేర్పిన ప్రార్థనయు అట్టిదే గదా. అయితే సభలో ప్రార్థించుటకు లేచిన మన బాలురు కొందరు పాస్టరుగారి గంభీరమైన మాటలనే అనుకరించి, ఆయన దగ్గునుకూడ అనుకరింతురు. తల్లితో అన్నము పెట్టుమని అడుగునప్పుడు ఎవరైనను ఉపన్యాసము చేయుదురా? పురుషోత్తమ చౌదరిగారు (1803–1890) వ్రాసిన కీర్తనలను మన సంఘములు నేటికిని ఏల పాడుచున్నవి? పొలములో కలుపు తీయు అవ్వయు, కళాశాలలో బోధించు పండితుడును తమవని యెంచుకొనునట్లు, తెలుగువారి రాగతాళములలో, తెలుగువారి నోట పలుకు మాటలలో ఆయన ప్రభువును కీర్తించెను. మీ కీర్తన చిన్నదైనను, మీదిగా నుండవలెను.

అయిదవది, ప్రొద్దు గ్రుంకకమునుపు కలహములను తీర్చుకొనుడు. బలిపీఠమునొద్ద అర్పణము తెచ్చినప్పుడు సహోదరునికి మనపై విరోధమున్నదని జ్ఞాపకము వచ్చినయెడల, అర్పణము అక్కడనే విడిచి, ముందు అతనితో సమాధానపడవలెనని ప్రభువు కొండమీద బోధించెను. ప్రక్కచాపవానితో మూడు వారములు మాటలాడక, మూడు వారములు కీర్తనలు పాడువాని పాట పైకప్పు దాటి పోవునా? నిద్రకు ముందు దినమంతయు ఒకసారి త్రిప్పి చూచుకొనుడు. మేలుకు వందనము, కీడుకు పశ్చాత్తాపము, అంతతో నెమ్మదిగ నిద్రింపుడు.

ఈ మాటలన్నియు అనుసరించినను, కొన్ని దినములు ప్రార్థన చప్పగ నుండునని మీకు ముందే చెప్పుచున్నాము. మాటలు రావు, మనస్సు ఆటస్థలమునకు పోవును, దేవుడు వినుచున్నట్లు తోచదు. ఇది మీకే సంభవించిన వింత కాదు. పైన చెప్పిన లారెన్సు భక్తుడే మొదటి పది సంవత్సరములు మిక్కిలి బాధపడితినని తన ఉత్తరమున వ్రాసికొనెను. వేసవిలో చెరువు ఎండినప్పుడు రైతు పొలము విడిచి పోడు. గట్టు వేసి, దుక్కి దున్ని, వానకై కనిపెట్టును. చప్పని దినమున చేసిన ప్రార్థన, హృదయము పొంగిన దినమున చేసిన ప్రార్థనకంటె తక్కువది కాదు. పొంగినప్పుడు మన సంతోషము నిమిత్తము ప్రార్థింతుము. ఎండినప్పుడు దేవుని నిమిత్తమే ప్రార్థింతుము.

ఇక తల్లిదండ్రులకు ఒక మనవి. పిల్లలను మిషను పాఠశాలకు పంపితిమి గావున వారి భక్తిని ఉపాధ్యాయులే చూచుకొందురని మీలో కొందరు తలంచుచున్నారు. ద్వితీయోపదేశకాండము ఆరవ అధ్యాయమున దేవుని మాటలు పిల్లలకు నేర్పవలసిన వేళలు నాలుగు చెప్పబడినవి: ఇంట కూర్చుండునప్పుడు, త్రోవను నడచునప్పుడు, పండుకొనునప్పుడు, లేచునప్పుడు. ఈ నాలుగు వేళలును ఇంటివారి వేళలే. సెలవులకు వచ్చిన పిల్లవాడు తండ్రి ప్రార్థించుట ఒక్కసారియైనను చూడనిచో, ప్రార్థన పాఠశాల దుస్తులవంటిదని, ఇంట విడిచి పెట్టవలసినదని అతడు తలంచును. దీర్ఘమైన కుటుంబప్రార్థన చేయుడని మేము అడుగుట లేదు. కూలి పని చేసి అలసి వచ్చినవారి కష్టము మేమెరుగుదుము. అన్నము ముందు పెట్టుకొని రెండు మాటలు, పడుకొనుటకు ముందు ఒక కీర్తన. అది చాలును.

మా యింట ఒక్కటే గది, ఏకాంతమెక్కడిదని కొందరందురు. ప్రభువు చెప్పిన గది గోడల గది మాత్రమే కాదు. ఇస్సాకు సాయంకాలమున పొలములో ధ్యానించుచుండెను. జాన్ వెస్లీగారి తల్లి పందొమ్మిదిమంది బిడ్డలను కనిన యిల్లాలు. ఆమె పని నడుమ వస్త్రమును తలపై కప్పుకొని ప్రార్థించెడిదనియు, అప్పుడు పిల్లలు ఆమెను పిలువకుండిరనియు చెప్పుదురు. కొంగు కప్పుకొని పొయ్యియొద్ద కూర్చుండిన మన తల్లులకు ఈ గది దొరకదా? చేని గట్టు, చింతచెట్టు నీడ, నీళ్లకు పోవు త్రోవ, ఇవియెల్ల తలుపు మూయదగిన గదులే.

తోడి ఉపాధ్యాయులకును ఒక మాట చెప్పవలసియున్నది. కొన్ని పాఠశాలలలో అల్లరి చేసిన పిల్లవానికి శిక్షగా ఒక కీర్తనను పదిసార్లు వ్రాయుమని విధించుట కలదు. ఉద్దేశ్యము మంచిదే కావచ్చును. అయితే ఆ పిల్లవాడు పెద్దవాడై కష్టకాలమున ఆ కీర్తనను తెరచునప్పుడు, అతనికి కాపరి స్వరము వినబడునా, బెత్తపు చప్పుడు వినబడునా? తేనెను మందుగ ఇయ్యవచ్చును గాని, శిక్షగ ఇయ్యరాదు. వేదపాఠపు పరీక్షలో నూటికి తొంబది మార్కులు వచ్చినవాడు దేవునికి సమీపుడనియు, ముప్పది వచ్చినవాడు దూరస్థుడనియు పిల్లలకు తోచునట్లు మనము నడువరాదు. మన పాఠశాలలో హిందూ పిల్లలును మహమ్మదీయ పిల్లలును చదువుచున్నారు. వారి ముందు మనము బోధించు ప్రేమ బలవంతముగ కనబడినచో అది ప్రేమయే కాదు. పిల్లలు మన మాటలను మరచెదరు. మనము కోపము వచ్చినప్పుడు ఏమి చేసితిమో, పేదపిల్లవాని పుస్తకము చినిగినప్పుడు ఏమి చేసితిమో, వాటిని మరువరు.

ఇంతగా చెప్పుటకు కారణమును దాచనక్కరలేదు. మన తెలుగుదేశమున పరీక్షాఫలితములు వెలువడు దినమున, మార్కులు తక్కువయ్యెనని, తమ బ్రదుకే వ్యర్థమని తలంచు పిల్లలున్నారు. అట్టి దుఃఖవార్తలను మనము పత్రికలలో చదువుచున్నాము. ఆ దినమున బాలుడు ఒంటరిగ నుండును. అతని చుట్టు గంట లేదు, కీర్తన లేదు, స్నేహితులు తమ ఫలితములను చూచుకొనుచుందురు. దేవునిని గెలుపునిచ్చువానిగ మాత్రమే యెరిగియున్నచో, ఆ దినమున అతనికి దేవుడును లేనట్లే తోచును. దినదినమును తండ్రిగ ఎరిగియున్నచో, ఓడిన ముఖముతోనే ఆయన యొద్దకు పోగలడు. తప్పిపోయిన కుమారుడు మార్కుల పత్రము చేతపట్టుకొని ఇంటికి పోలేదు. చినిగిన బట్టలతో పోయెను. అతడు దూరముగ నుండగనే తండ్రి పరుగెత్తివచ్చెను. బిడ్డలారా, అట్టి దినము మీకు వచ్చినయెడల దేవునితో మాటలాడుడు. ఆయనతో మాటలాడి ఊరకుండక, తల్లితోనో తండ్రితోనో ఉపాధ్యాయునితోనో వెంటనే మాటలాడుడు. దేవుడు మనకిచ్చిన మనుష్యులును ఆయన చేతులే. తల్లిదండ్రులారా, ఆ దినమున మీ పిల్లవాడు చూచు మొదటి ముఖము మీది. పరుగెత్తివచ్చిన తండ్రి ముఖమువలె అది యుండవలెను.

ఈ సంవత్సరము పదవ తరగతి ముగించుకొని పోవుచున్న మీరు వేర్వేరు త్రోవల పోయెదరు. కొందరు పట్టణములలోని కళాశాలలకు, కొందరు పనులకు, కొందరు మరల పొలములకు. మేము వేసిన పందిరిని మీరు మోసికొని పోలేరు. అది ఇక్కడనే నిలిచి, రాబోవు చిన్నపిల్లలకు ఉపయోగపడును. గింజను మాత్రము మీరు తీసికొని పోగలరు. మీరుండు చోట మీరే ఒక చిన్న పందిరి వేసికొనుడు. వేకువను ఒక మాట, పనినడుమ ఒక ఊపిరి, రాత్రి ఒక వందనము, ఆదివారమున దేవుని ప్రజలతో కూడుకొనుట, ఇవి నాలుగు గుంజలు. తక్కినది నీరు పోయువాని పని కొంత, వృద్ధి కలుగజేయువాని పని అధికము.

మన తండ్రియైన దేవుడు మనలను గంటలచేత గాక ప్రేమచేతనే తన యొద్దకు పిలుచుచుండును గాక. ఆ పిలుపును వినుటకు చెవులును, ప్రత్యుత్తరమిచ్చుటకు హృదయములును మన బాలబాలికలకును, వారి ఇంటివారికిని, వారికి బోధించు మనకును దయచేయును గాక. ఆమేన్.